నాలుగో తరగతి ఏడాదిలో తల్లిదండ్రులకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ 2024లో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా చేరారు. ఈ ఏడాది నాలుగో తరగతి మీకు అప్పగించారు. పేరెంట్స్ మీటింగ్ పెడితే సగం మంది కూడా రావడం లేదు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే ఎవరికి చేరిందో తెలియడం లేదు. ప్రోగ్రెస్ కార్డు ఇంటికి పంపితే సంతకమో వేలిముద్రో పడి తిరిగొస్తోంది గానీ, అందులో ఏముందని ఒక్కరూ అడగడం లేదు. కొందరు పిల్లలు తండా నుంచి వస్తారు, వాళ్ల ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఇలాంటి చోట ఏడాది పొడవునా తల్లిదండ్రులకు బడి సంగతులు తెలిసేలా ఎలా చేయాలని అడిగారు.

ముందు జవాబు చెప్తాను, కారణాలు తర్వాత.

జూలై దాటకముందే ప్రతి ఇంటికీ తమ బిడ్డ ఇవాళ ఏం చదవగలుగుతోందో, ఏ లెక్క చేయగలుగుతోందో తెలియాలి. దసరా సెలవుల లోపు గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్ష సంగతి తెలియాలి. ఈ రెండూ తప్పిపోకూడదు. వీటి తర్వాత నెలకు ఒక్కసారి, ఒక్కో ఇంటికి ఒక్క మాట చెప్పండి. ఆ ఇంట్లో బిడ్డను నిజంగా చూసుకునే మనిషికి, నోటుబుక్కు ఎదురుగా పెట్టి చెప్పండి. వాట్సాప్, డైరీ, నోటీసు బోర్డు అన్నీ దీనికి సాయం చేసేవే తప్ప దీని బదులు పనికొచ్చేవి కావు.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేస్తున్నాను. అందులో నాలుగు, ఐదు తరగతులే ఎక్కువ. నేను చెప్పేదంతా మండల పరిషత్ బడి అనుభవమే. పట్నంలో ప్రైవేటు బడికి ఇదంతా ఇలాగే సరిపోతుందని అనను.

నాలుగో తరగతి ఎందుకు వేరు?

మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 వరకు సంఖ్యలు తెలియాలి అన్నది 2021 జూలైలో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ పెట్టుకున్న లక్ష్యం. మన తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ పునాది కోసమే. నాలుగో తరగతి పుస్తకాలు ఆ పునాది పడిందనే నమ్మకంతో నడుస్తాయి. పరిసరాల విజ్ఞానంలో పాఠం చదివి అర్థం చేసుకుని తన మాటల్లో రాయమంటారు. లెక్కల్లో రెండంకెల గుణకారం, భాగహారం, భిన్నాలు వస్తాయి. ఒత్తుల దగ్గర ఆగిపోయే బిడ్డకు ఇక్కడ తెలుగు ఒక్కటే కాదు, అన్నీ ఆగిపోతాయి. భాగహారం రాని పిల్లవాడిని కూర్చోబెట్టి చూస్తే చాలాసార్లు అసలు కారణం తీసివేత దగ్గరో, ఎక్కాల దగ్గరో బయటపడుతుంది.

తల్లిదండ్రులకు ఇది కనపడదు. నాలుగులో ఎవరినీ ఆపరు. విద్యాహక్కు చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కూడా ఆపే వీలు 5, 8 తరగతుల్లోనే ఉంది. కాబట్టి బిడ్డ ఏటా పై తరగతికి పోతూనే ఉంటుంది, పై తరగతికి పోయిందంటే చదువు వచ్చినట్టేనని ఇంట్లో అనుకుంటారు. ఆరో తరగతిలో హైస్కూలుకు వెళ్లాక అక్కడి సార్లు "ఈ పిల్లకు చదవడమే రాదు" అన్నప్పుడు తల్లి నిర్ఘాంతపోతుంది. అయిదేళ్లు మన దగ్గర చదివిన బిడ్డ గురించి ఆ మాట ఆమె మొదటిసారి వేరేవాళ్ల నోట వినడం అన్యాయం. నాలుగో తరగతిలో తెలిస్తే ఇంకా రెండేళ్లు చేతిలో ఉంటాయి.

ఇంకో సంగతి. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై తెలియజేయడం ఉపాధ్యాయుల విధి అని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. అది తెలుసుకోవడం వాళ్ల హక్కు. మనం దయతో చేసే పని కాదు.

ఎవరికి చెప్పాలి?

జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో నేను ప్రతి బిడ్డనూ ఒక్కటే అడుగుతాను. "సాయంత్రం బడి నుంచి పోయినాక ఇంట్లో నీ దగ్గర ఎవరుంటరు?" అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్నది తండ్రి పేరు. పిల్లలు చెప్పే జవాబు నానమ్మ, అమ్మమ్మ, ఎనిమిదో తరగతి అక్క, మేనత్త. అమ్మానాన్నలు ఉప్పల్‌లోనో మియాపూర్‌లోనో మేస్త్రీ పనికి పోయిన ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. తండ్రి నంబరుకు మెసేజ్ పంపి, ఇంటికి తెలిసిందని మనం అనుకుంటే ఆ నానమ్మకు ఏమీ తెలియదు.

అందుకే ఒక నోటుబుక్కులో బిడ్డకు ఒక పేజీ పెట్టుకోండి. ఇంట్లో ఎవరుంటారు, చదవగలరా, ఏ నంబరు, ఏ వేళకు ఎత్తుతారు, ఏ పనికి పోతారు. నంబర్లు తరచూ మారుతుంటాయి, రీఛార్జి అయిపోతే నెలల తరబడి పనిచేయవు. కాబట్టి దసరా తర్వాత ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి మళ్లీ అడిగి సరిచేసుకోండి. ఈ పుస్తకం అధికారులు అడిగే రికార్డు కాదు, ఎవరికీ చూపించాల్సిన పని లేదు. కానీ నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చిన రికార్డు ఇదే.

ఒక అబ్బాయి సంగతి చెప్తాను. నానమ్మ దగ్గర పెరుగుతున్నాడు, తండ్రి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు, ప్రతి ఆదివారం సాయంత్రం కొడుకుతో ఫోన్‌లో మాట్లాడతాడు. నేను శనివారం రాత్రి ఆ తండ్రికి నిమిషం లోపు వాయిస్ మెసేజ్ పంపేవాణ్ని. "ఈ వారం ఏడో ఎక్కం నేర్చుకున్నడు, రేపు ఫోన్‌ల అడుగుండ్రి" అని అంతే. ఆదివారం తండ్రి అడిగేవాడు, వాడు అప్పజెప్పేవాడు. సోమవారం బడికి వచ్చి ముందు ఆ మాటే చెప్పేవాడు. "మంచిగ చదువుకో" అని తండ్రి అప్పటిదాకా వందసార్లు చెప్పి ఉంటాడు. ఏం అడగాలో తెలియక ఆగిపోయాడు గానీ, శ్రద్ధ లేక కాదు.

జూలైలో ఏం చెప్పాలి, ఏ మాటలతో?

పిల్లల స్థాయి తెలుసుకునే బేస్‌లైన్ పరీక్ష ఏడాది మొదట్లో మీరు ఎలాగూ పెడతారు. దాని ఫలితం ఆన్‌లైన్‌లో ఎక్కించి ఊరుకోకండి. ఒక్కో తల్లినో నానమ్మనో పిలిచి, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల ముందే చదివించండి. పాఠ్యపుస్తకం వద్దు, అది కంఠతా వచ్చి ఉంటుంది. బిడ్డ ఎప్పుడూ చూడని రెండో తరగతి స్థాయి కథ ఏదైనా తీసుకోండి.

మా తరగతిలో ఒక అమ్మాయి తెలుగు పాఠం గడగడా అప్పజెప్పేది. తల్లికి ఎంతో సంతోషం. కొత్త కథ చేతికిస్తే రెండో వాక్యం దగ్గరే ఆగింది. వేలు అక్షరం మీద ఉంది, మాట బయటికి రావడం లేదు. నేను ఏమీ అనలేదు. తల్లి చదువుకోలేదు గానీ, బిడ్డ ఆగడం ఆమెకు అర్థమైంది. "ఇది చదువుడు కాదా సారూ?" అంది. అప్పుడు చెప్పాను: బిడ్డకు అక్షరాలన్నీ వచ్చు, గుణింతం వచ్చు, ఒత్తులు కలిసినప్పుడు తడబడుతోంది, రోజూ కొత్తది పది లైన్లు చదివితే సంక్రాంతి నాటికి దారిలో పడుతుంది అని. ఆ ఇంట్లో పుస్తకాలు లేవు. పొదుపు సంఘం పాస్‌బుక్కు ఉంది, గోడ మీద క్యాలెండరు ఉంది, పక్కింట్లో దినపత్రిక వస్తుంది. రోజూ సాయంత్రం వాటిలో ఏదో ఒకటి చదివి వినిపించమని తల్లి అడిగేది. పాపకు అది పరీక్షలా అనిపించలేదు, అమ్మకు అక్కరకొచ్చే పనిలా అనిపించింది.

చెప్పే మాటల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. "వెనకబడ్డడు", "డల్‌గా ఉన్నడు", "ఇంట్ల చూసుకోవాలె" ఈ మూడూ పనికిరాని మాటలు. ఇవి విన్న తండ్రి చేయగలిగింది ఒక్కటే, ఇంటికి పోయి పిల్లవాడిని కొట్టడం. వచ్చింది ఏమిటో ముందు చెప్పండి, ఆగింది ఎక్కడో తర్వాత చెప్పండి, ఇంట్లో చేయగలిగిన ఒక్క పని చివర చెప్పండి. "కూడికలు, తీసివేతలు వస్తున్నయి. గుణకారంల ఆరో ఎక్కం దగ్గర ఆగుతున్నడు. పొద్దున బ్రష్ చేసేటప్పుడు ఆరో ఎక్కం ఒక్కటి అడుగు తమ్మీ." ఇంతే చాలు. ఆ ఇంట్లో అది జరుగుతుంది.

చదువురాని తల్లిదండ్రులు "మాకేం తెలుస్తది సారూ, మీరే చూసుకోవాలె" అంటారు. ఆ మాట దగ్గర ఆగిపోకండి. పత్తి ఏరే తల్లికి కిలోకు ఎంత కూలీ, ఇవాళ ఎన్ని కిలోలు, మొత్తం ఎంత అన్నది నోటి లెక్కగా వస్తుంది. అదే గుణకారం. ఆ లెక్క ఆమెకే కాదు, బిడ్డకు కూడా రోజూ కావాలి. "నువ్వు లెక్క గట్టకు, పొల్లతోని కట్టించు, తర్వాత తప్పో ఒప్పో నువ్వే చూడు" అని చెప్పండి. కిరాణా కొట్టుకు పంపి మిగిలిన చిల్లర లెక్క అడగమనండి. బడి లెక్క తన లెక్కేనని తెలిసిన తల్లి ఆ తర్వాత మనల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెడుతుంది.

ఇంగ్లిష్ మీడియం భయం కూడా ఉంటుంది. "మాకు ఇంగ్లిష్ రాదు, ఎట్ల చెప్పాలె?" అంటారు. 2022-23 నుంచి మన పుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పుస్తకం తెరిచి చూపించండి. తెలుగు చదవగలిగిన అక్కో అన్నో ఉంటే పరిసరాల విజ్ఞానం తెలుగు పేజీ చదివి చెప్పొచ్చు, అర్థమైన విషయాన్ని ఇంగ్లిష్‌లో రాయించడం మన పని.

మీటింగ్‌కు ఎందుకు రావడం లేదు?

జూలై, ఆగస్టుల్లో నాట్లు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పత్తి ఏరుడు. ఉదయం పది గంటలకు మీటింగ్ అంటే ఒక రోజు కూలీ వదులుకుని రమ్మనడం. వచ్చాక గంటసేపు మొక్కల పెంపకం, స్వచ్ఛత, హాజరు మీద ఉపన్యాసం విని, తన బిడ్డ పేరు ఒక్కసారి కూడా వినకుండా తిరిగిపోవడం. ఇంకోసారి ఆమె ఎందుకు వస్తుంది?

నెలకోసారి మీటింగ్ పెట్టమన్న ఆదేశం ప్రకారం మీటింగ్ పెట్టండి, తీర్మానం రాయండి. కానీ అసలు పని వేరేగా జరగాలి. పనుల కాలంలో పొద్దున్నే కూలీకి పోయే ముందో, సాయంత్రం దీపాలు పెట్టే వేళో వాడకు పోతే పది నిమిషాల్లో నలుగురు కలుస్తారు. మూడు నాలుగు ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కదా, వారానికి ఒక వాడ పెట్టుకోండి, నెలకు తరగతి మొత్తం తిరుగుతుంది. మీరు మహిళా టీచర్ అయితే, సాయంత్రాలు బస్సు దొరకదనుకుంటే, సంఘం మీటింగ్ జరిగే రోజు కనుక్కోండి. తల్లులంతా అక్కడే ఉంటారు. బడి పనులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్నదీ వాళ్లే. అక్కడ పది నిమిషాలు అడిగితే కాదనరు.

మీటింగ్ బడిలో పెట్టినప్పుడు రెండు విషయాల్లో జాగ్రత్తపడండి. మార్కులు అందరి ముందూ చదవకండి. ఊరన్నాక కులాలు, పాలివాళ్లు, పాత పగలు అన్నీ ఆ గదిలోనే కూర్చుంటాయి. "ఫలానావాళ్ల పిల్లకు A గ్రేడు, మీవోనికి C" అన్న మాట బడి దాటి చాలా దూరం పోతుంది. రెండోది, మనం మాట్లాడటం తగ్గించి అడగండి. "ఇంట్ల ఏం చెప్తది బడి గురించి?" అని. బిడ్డ రాత్రిళ్లు నిద్రపోవడం లేదని, బడికి వచ్చే దారిలో కుక్కలంటే భయపడుతోందని, తండ్రి తాగి వచ్చి గొడవ చేస్తున్నాడని ఆ ప్రశ్నతోనే తెలుస్తాయి. సమాచారం మన వైపు నుంచి పోవడం సగం పనే.

పత్తి కాలం గురించి ఇంకొక మాట. ఆ నెలల్లో నాలుగో తరగతి పిల్లలు కూడా చేన్లకు పోతారు, లేదా చిన్నవాళ్లను ఎత్తుకుని ఇంట్లో ఉంటారు. "హాజరు తగ్గితే పేరు తీసేస్తం" అని బెదిరించడం చట్టం ప్రకారం కూడా కుదరదు, ఫలితమూ ఉండదు. మా బడిలో భాగహారం ఆ నెలల్లోనే నడుస్తుంది. సెప్టెంబర్‌లోనే ఇంటింటికీ చెప్తాను: "ఈ రెండు వారాలు బిడ్డను తోలండి, ఇప్పుడు తప్పితే ఐదు, ఆరులల్ల కూడా ఇబ్బంది పడ్తది." తేదీలు చెప్పి, కారణం చెప్పి అడిగితే చాలామంది మాట వింటారు. అందరూ వినరు, ఆ పిల్లల కోసం జనవరిలో మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాల్సిందే.

వాట్సాప్

గ్రూపు పెట్టుకోండి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి. రాసిన మెసేజ్ కంటే ముప్పై సెకన్ల వాయిస్ ఎక్కువమందికి చేరుతుంది, ఎందుకంటే చదవలేనివాళ్లు కూడా వింటారు, నానమ్మకు వినిపిస్తారు. రేపు సెలవు, ఎల్లుండి నుంచి ఎఫ్ఏ-2 పరీక్ష, ఆధార్ తెమ్మనడం ఇలాంటివి అందులో చాలు. ఒక బిడ్డ మార్కు, ఒక బిడ్డ తప్పు, ఏడుస్తున్న ఫొటో ఎప్పుడూ గ్రూపులో పెట్టొద్దు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లు ఎన్నో మీ పుస్తకంలో రాసుకుని ఉంటారు కదా, ఆ పిల్లల చేతిలో అదే విషయం చీటీ రాసి పంపండి. గ్రూపులో పెట్టాం కాబట్టి అందరికీ తెలుసనుకుంటే ఎప్పుడూ నష్టపోయేది ఆ ఇళ్లే.

ప్రోగ్రెస్ కార్డు

ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు (మధ్యమధ్యలో జరిగే చిన్న మూల్యాంకనాలు), రెండు ఎస్ఏలు (పెద్ద పరీక్షలు). గ్రేడు చూసి ఇంట్లో అర్థం చేసుకునేది తక్కువ. ఎఫ్ఏ మార్కు ఒక్క పరీక్షతో వచ్చేది కాదని, పిల్లల ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష నాలుగూ కలిపి ఇచ్చేదని చెప్పండి. ముఖ్యంగా ప్రాజెక్టు పని గురించి చెప్పండి. నెట్ సెంటర్‌కు పోయి డబ్బు పెట్టి రంగుల ప్రింట్లు తీయిస్తారు పాపం. ఊళ్లోని చెరువు గురించి తాతను అడిగి అర పేజీ రాసుకొస్తే అదే ప్రాజెక్టు, పైసా ఖర్చు లేదు అని ఎవరో ఒకరు వాళ్లకు చెప్పాలి.

రిమార్కుల గడిలో "గుడ్", "మెరుగుపడాలి" రాయకండి. "కథ సొంతంగా చదువుతోంది, జవాబులు చిన్నగా రాస్తోంది" అని ఒక్క వాక్యం తెలుగులో రాయండి. ఇంట్లో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు.

గురుకులం: నాలుగో తరగతిలో అన్నిటికంటే ముందే చెప్పాల్సిన సంగతి

దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఆలస్యంగా తెలిస్తే ఇక సరిదిద్దుకోవడం కుదరనిది ఇదొక్కటే. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాల్లో ఐదో తరగతి సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంటుంది. అది రాయాల్సింది నాలుగో తరగతి చదువుతున్నప్పుడే. చాలామంది తల్లిదండ్రులు ఐదు అయ్యాక అడుగుతారు, నవోదయతో కలిపేసుకుంటారు. నవోదయ ఆరో తరగతి ప్రవేశానిది, ఐదులో రాస్తారు. ఈ తేడా జూలైలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి చెప్పండి.

2025-26 ప్రవేశాలకు దరఖాస్తులు 2024 డిసెంబర్‌లో మొదలయ్యాయి, పరీక్ష 2025 ఫిబ్రవరి 23న జరిగింది. అంతకుముందు ఏడాదీ దాదాపు ఇదే వరస. పరీక్ష 100 మార్కులకు: తెలుగు 20, ఇంగ్లిష్ 25, గణితం 25, పరిసరాల విజ్ఞానం 20, మానసిక సామర్థ్యం 10. ప్రశ్నలు నాలుగో తరగతి స్థాయివి, జవాబు ఓఎంఆర్ పత్రం మీద. గుండ్రం దిద్దడం ముందే అలవాటు చేయకపోతే వచ్చిన జవాబు కూడా తప్పు గడిలో పడుతుంది. తల్లిదండ్రుల వార్షికాదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. ఓసీ, బీసీ పిల్లలకు 9 నుంచి 11 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 9 నుంచి 13 ఏళ్ల వయసు ఉండాలి. ఆ ఏటి నోటిఫికేషన్ వచ్చాక ఇవన్నీ మళ్లీ సరిచూసి చెప్పండి.

అసలు చిక్కు కాగితాల దగ్గర. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మీసేవలో పెట్టుకుంటే తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి సమయం పడుతుంది. దానికి తోడు ఆధార్‌లో ఒక పేరు, మన రిజిస్టర్‌లో ఒక పేరు, పుట్టిన తేదీ ఇంకొకటి. మా దగ్గర ఒక అమ్మాయి తరగతిలో అందరికంటే బాగా చదివేది. ఆధార్‌లో ఇంటిపేరు తప్పు పడింది, అది సరిచేయించుకోవడానికి తండ్రి పత్తి పనులు వదిలి తిరిగాడు. సెప్టెంబర్‌లో తెలిసింది కాబట్టి జనవరికల్లా పూర్తయింది. జనవరిలో తెలిసి ఉంటే ఆ పిల్ల పరీక్ష రాసేదే కాదు. అందుకే దసరా సెలవులకు ముందు ప్రతి బిడ్డ ఆధార్ నకలు తెప్పించి, మన రిజిస్టర్ పక్కన పెట్టి, తేడాలు ఎక్కడున్నాయో చీటీ రాసి ఇంటికి పంపండి. ఆ సెలవుల్లో వాళ్లు మీసేవకు పోయి వస్తారు.

ఇంకా ఒకటి చెప్పాలి, అది కొంతమంది టీచర్లకు నచ్చకపోవచ్చు. గురుకులం సీటు వస్తే మన బడిలో ఒక పేరు తగ్గుతుంది, పిల్లల సంఖ్య తగ్గితే పోస్టు కదులుతుందన్న భయం ఉంటుంది. ఆ భయంతో సంగతి చెప్పకుండా ఉండటం తప్పు. తిండి, బట్ట, చదువు, భద్రత అక్కడ దొరుకుతాయని నమ్మే తల్లికి ఆ దారి తెలియాలి. అదే సమయంలో తొమ్మిదేళ్ల బిడ్డ ఇల్లు విడిచి ఉండటం అంటే ఏమిటో కూడా చెప్పండి. కొందరు నెలలోపే తిరిగొచ్చేస్తారు. సెలవుల్లో మేనత్త ఇంట్లోనైనా ఒంటరిగా నాలుగు రోజులు ఉండగలుగుతోందా, తన బట్టలు తాను మడత పెట్టుకుంటుందా, ఒంట్లో బాగా లేకపోతే పెద్దవాళ్లకు చెప్పగలుగుతుందా అని ఇంట్లో చూసుకోమనండి. బిడ్డను కూడా అడగమనండి. నిర్ణయం వాళ్లది, మనది రెండు వైపులా చెప్పడం.

కోచింగ్ పేరుతో ఊళ్లకు వచ్చేవాళ్లుంటారు. మీరు జనవరిలో రోజూ అరగంట పాత ప్రశ్నలు చేయిస్తామని ముందే చెబితే ఆ డబ్బు ఇంట్లో మిగులుతుంది.

చెప్పడానికి కష్టంగా ఉండే విషయాలు

బిడ్డ సరిగ్గా వినడం లేదు, చూపు ఆనడం లేదు, మాట స్పష్టంగా లేదు, మిగతా పిల్లలకంటే బాగా నెమ్మదిగా ఉంది అనిపిస్తే అది ఫోన్‌లో చెప్పకండి, మీటింగ్‌లో అసలే చెప్పకండి. ఇంటికి పోండి, లేదా విడిగా పిలవండి. మీరు చూసింది చెప్పండి, జబ్బు పేరు పెట్టకండి. "బోర్డు మీద ఉన్నది రాయమంటే పక్కపిల్ల నోటుబుక్కు చూస్తున్నడు, ముందు బెంచీల కూసుంటే మంచిగ రాస్తున్నడు. ఒక్కసారి కళ్లు చూపియ్యాలె." బడికి పిల్లల ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం వచ్చే రోజు ముందే కనుక్కుని ఆ రోజు బిడ్డ తప్పకుండా బడిలో ఉండేలా ఇంటికి చెప్పండి. మొద్దు అని ఇంట్లో తిట్లు తిన్న పిల్లవాడు కళ్లద్దాలు పెట్టుకున్న నెలలో మారిపోవడం నేను కళ్లారా చూశాను.

తండా పిల్లల గురించి అడిగారు. తల్లితో మాట్లాడేటప్పుడు ఆ బిడ్డనే దుబాసీగా పెట్టకండి. తన గురించి తానే చెప్పాల్సి వస్తే మంచిది పెంచుతారు, మిగతాది దాస్తారు, అది పిల్లల తప్పు కాదు. తండాలోనే తెలుగు బాగా వచ్చిన అంగన్‌వాడీ ఆయానో, ఇంటర్ చదివే అమ్మాయినో తోడు తీసుకెళ్లండి. వాయిస్ మెసేజ్ కూడా ఆమెతో లంబాడీలో చెప్పించి పంపండి. తమ భాషలో బడి నుంచి మాట వచ్చిందని తండా అంతా చెప్పుకుంటారు, తర్వాతి మీటింగ్‌కు పిలవకుండానే వస్తారు.

ఏడాది చివర

మార్చి నుంచి ఒంటిపూట బడి, ఏప్రిల్‌లో ఎస్ఏ-2, 23వ తేదీకల్లా ఆఖరి రోజు. అప్పుడు అందరూ పరీక్షలు, రికార్డుల హడావుడిలో ఉంటారు, కాబట్టి చివరి మాట మార్చి మొదటి వారంలోనే చెప్పేయండి. జూలైలో చదివించిన ఆ కొత్త కథ లాంటిదే ఇంకొకటి తీసుకుని, అదే తల్లి ముందు, అదే బిడ్డతో మళ్లీ చదివించండి. తేడా ఆమెకు తానే వినపడుతుంది. ఎండాకాలం సెలవులకు హోంవర్కు పుస్తకం ఇవ్వకండి, ఎవరూ చేయరు. బడి లైబ్రరీ నుంచి ఒక్కో ఇంటికి రెండు కథల పుస్తకాలు ఇచ్చి, పక్క ఇంటివాళ్లతో మార్చుకోమని చెప్పండి. కొన్ని చిరిగి వస్తాయి, ఒకటీ రెండూ తిరిగి రావు. లైబ్రరీ బీరువాలో కొత్తగా మెరుస్తూ ఉండేకంటే అది నయం.

మీ నోటుబుక్కు ఐదో తరగతి టీచర్‌కు ఇచ్చేయండి. ఇంటి గుట్టు ఏదైనా రాసి ఉంటే ఆ పేజీ చించేసి ఇవ్వండి. ఈ ఏడాది మీకు జూన్ దాటిపోయిందని దిగులుపడకండి, ఏ నెలలో ఉన్నా ముందు ఆ "ఇంట్లో నీ దగ్గర ఎవరుంటారు" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి, ఆ వెంటనే ఆధార్ నకళ్లు తెప్పించుకోండి. తండాకు తోడు వచ్చే మనిషి దొరకకపోతే ఇక్కడే మళ్లీ రాయండి, మా వైపు ఎలా చేశామో వివరంగా చెప్తాను.